వదులుకోలేని బావ, మనసుకు పట్టని మంచి సంబంధం

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తనను గుర్తుపట్టే వీలున్న వివరాలు వద్దని కోరారు కనుక వాటిని తీసివేసి, సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతారు. తండ్రి పోయారు, తల్లితో కలిసి ఉంటున్నారు. గుణుపురంలో ఉన్న మేనమామ కొడుక్కి ఆమెను ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ రెండిళ్లలోనూ అనుకుంటూ వచ్చారు. ఇద్దరికీ ఏళ్లుగా చనువుంది. ముహూర్తం మాట రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ అతనే ఏదో కారణం చెప్పి వాయిదా వేశాడు. అతను పికప్ వ్యాను కొనుక్కుంటానంటే ఈమె తన నగలు బ్యాంకులో తాకట్టు పెట్టి డబ్బిచ్చారు, వడ్డీ కూడా తనే కడుతున్నారు. అతను ఆమె ఫోను తీసి చూస్తాడు, బడిలో ఎవరితో ఏం మాట్లాడావని ఆరా తీస్తాడు, "ముప్పై దాటుతున్నదాన్ని, నిన్నెవడు చేసుకుంటాడు" అంటాడు. కిందటేడు రైల్వే స్టేషను బయట మాటామాటా పెరిగి ఆమె చేయి మెలిపెట్టాడు. ఆ తరవాత రెండు నెలలు పలకలేదు. రథయాత్ర నాడు చీర పట్టుకుని ఇంటికి వచ్చి, ఆమె ఎదుట కూర్చుని ఏడ్చాడు. "ఆ రోజు కలిగినంత సంతోషం నా జన్మలో ఎప్పుడూ కలగలేదు. అందుకు నాకే సిగ్గుగా ఉంది" అని ఆమె రాశారు.

ఈలోగా పాతపట్నంలో ఉన్న పిన్ని ఒక సంబంధం తెచ్చారు. అబ్బాయిది టెక్కలి, ప్రభుత్వోద్యోగం. నీలమణి దుర్గ గుడి దగ్గర రెండు కుటుంబాలూ కలుసుకున్నాయి. అతను నెమ్మదిగా మాట్లాడాడు, ఆమె ఉద్యోగం గురించి అడిగి శ్రద్ధగా విన్నాడు, చేరాక ఒక మాట ఫోను చేసి చెప్పండి అన్నాడు. "మంచివాడని తెలుస్తూనే ఉంది. కానీ నాకేమీ అనిపించలేదు. తిరిగి వస్తూ బావ ఫోన్ చేశాడేమోనని చూసుకున్నాను." బడిలో దగ్గరి స్నేహితురాలు ఒడియా ఆవిడ, వాళ్లలో మేనమామ కొడుకంటే అన్నవరస కనుక ఈ సంగతి ఆమెతో చెప్పుకోవడానికి కూడా నోరు రాలేదట. తనలో ఏదైనా లోపముందా, ఇది జాతకమా, బావనే చేసుకుంటే కుదురుకుంటాడా, అమ్మకు ఏమని చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీరు సిగ్గుపడుతున్న ఆ సంతోషం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు ముడి అక్కడే ఉంది. అంత సంతోషం కలిగింది కనుక అది గొప్ప ప్రేమ అయ్యుండాలని మీలో ఒక సగం అంటోంది. చేయి మెలిపెట్టినవాడు ఏడిస్తే పొంగిపోయాను కనుక నేను ఆత్మాభిమానం లేనిదాన్నని రెండో సగం అంటోంది. ఈ రెండూ నిజం కాదని నేను నమ్ముతున్నాను. ఆ రోజుకు ముందు రెండు నెలలు మీరెలా గడిపారో మీరే రాశారు: రాత్రి రెండింటికి లేచి ఫోను చూసుకోవడం, తరగతిలో పాఠం మధ్యలో కళ్లు నీళ్లు నిండడం, అన్నం సహించకపోవడం. అంతటి బాధ ఒక్క క్షణంలో ఆగిపోతే ఏ మనిషికైనా స్వర్గంలా ఉంటుంది. నెత్తిన బరువు పెట్టిన మనిషే వచ్చి దాన్ని దించితే, దిగిన తేలికదనానికి అతనికే కృతజ్ఞత చెప్పుకుంటాం, పెట్టిందెవరన్నది ఆ నిమిషంలో గుర్తుండదు. మీరు అనుభవించిన సంతోషం నిజమే. కాని దాని కొలత అతని ప్రేమ ఎంతో చెప్పదు, అంతకుముందు మీరు పడిన బాధ ఎంతో చెబుతుంది.

ఇలాంటి బంధాలు మామూలు బంధాల కంటే గట్టిగా పట్టుకోవడానికి కారణాలను మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా పరిశీలిస్తోంది. అమెరికాకు చెందిన బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ పావురాల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను 1957లో ప్రచురించారు. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు రావడం ఆగిపోతే కొంతసేపటికే పొడవడం మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా, ఒకసారి మూడో పోటుకు, ఇంకోసారి ముప్పయ్యో పోటుకు దొరికిన పావురం మాత్రం, గింజలు పూర్తిగా ఆగిపోయిన తరవాత కూడా చాలాసేపు ఆశగా పొడుస్తూనే ఉంటుంది. మనిషి మనసు ఇంత సరళమైనది కాదు, కాని ఈ ఒక్క విషయంలో అది కూడా ఇలాగే నడుస్తుంది. రోజూ కరకుగా ఉండే మనిషిని వదిలిపెట్టడం ఒక విధంగా సులువు. ఎప్పుడు కరుణిస్తాడో తెలియని మనిషిని వదలడమే కష్టం, ఎందుకంటే ఈసారి కరుణిస్తాడేమోనన్న ఆశకు ఎప్పుడూ ఒక పాత ఆధారం ఉంటుంది. మీకు ఆ ఆధారం రథయాత్ర నాటి చీర.

1981లో డొనాల్డ్ డటన్, సుసాన్ పెయింటర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఆలోచననే హింస ఉన్న సంబంధాలకు అన్వయించారు. ఇద్దరి మధ్య అధికారంలో పెద్ద వ్యత్యాసం ఉండడం, మంచితనమూ చెడ్డతనమూ వంతులవారీగా వస్తూ ఉండడం, ఈ రెండూ కలిసినచోట చాలా బలమైన అనుబంధం పుడుతుందని వారు చెప్పారు. తరవాత అలాంటి సంబంధాల నుంచి బయటికి వచ్చిన 75 మంది స్త్రీలను పరిశీలించి 1993లో ప్రచురించినప్పుడు, విడిపోయి ఆరు నెలలైనా ఆ అనుబంధం తగ్గిందే గాని పూర్తిగా పోలేదని తేలింది. ఈ సంగతి మీకు ఎందుకు చెబుతున్నానంటే, అతన్ని తలచుకుంటే ఇంకా మనసు లాగుతోంది కాబట్టి అతనే నావాడు అనే నిర్ణయానికి మీరు రాకూడదని. లాగడం ఎంతోకాలం ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన అటు వెళ్లాలని లేదు.

అధికారంలో వ్యత్యాసమంటే అతనేదో జమీందారు కానక్కరలేదు. పెళ్లి ఎప్పుడన్నది అతను చెబుతాడు, మీరు ఎదురుచూస్తారు. అతను అలుగుతాడు, మీరు బతిమాలతారు. వ్యాను అతను నడుపుతాడు, వడ్డీ మీరు కడతారు. అతను మీ ఫోను చూస్తాడు, అతని ఫోను మీరు చూసిన మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. వీటన్నిటికీ పైన "నిన్నెవడు చేసుకుంటాడు" అన్న మాట ఉంది. అది కోపంలో నోరు జారిన మాటగా మీరు రాశారు. నాకు అలా అనిపించలేదు. మీరు వెళ్లగలిగిన దారులన్నీ మూసి ఉన్నాయని మీ చేతనే నమ్మించే మాట అది, టెక్కలి సంబంధం వచ్చిందని తెలిసిన వారంలోనే అతను దాన్ని మళ్లీ అన్నాడని మీరే రాశారు.

మీ ఉత్తరం మధ్యలో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి దాటేసిన సంగతి ఒకటుంది, దాని దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీ నాన్నగారు సాయంత్రం ఇంటికి వస్తుంటే గుమ్మం బయట చెప్పుల చప్పుడును బట్టే ఆయన ఎలా ఉన్నారో మీరూ మీ అమ్మగారూ పసిగట్టేవారని, బాగున్న రోజున పకోడీ పొట్లం విప్పి మిమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేవారని, లేని రోజున కంచం విసిరేవారని, మర్నాడు మీ అమ్మగారు "మీ నాన్నకి కోపమేగాని మనసు వెన్న" అనేవారని రాశారు. పసిబిడ్డలు తమను పెంచేవారితో పెంచుకునే అనుబంధాన్ని అధ్యయనం చేసిన బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. భయం వేసినప్పుడు బిడ్డ తనను పెంచేవారి దగ్గరికే పరిగెడుతుంది. ఆ భయం పెట్టింది వాళ్లే అయినా ఆ పరుగు ఆగదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే దానికి వెళ్లడానికి ఇంకో చోటు లేదు. మీరు పెరిగిన ఇంట్లో ఆప్యాయతా భయమూ ఒకే మనిషి నుంచి వచ్చాయి. ఎదుటివారి మనసు క్షణక్షణం కనిపెట్టి చూడడం, తప్పు నాదేనేమోనని ముందే తగ్గడం, కోపం దిగాక దొరికే చిన్న ప్రేమను భద్రంగా దాచుకోవడం, ఇవన్నీ మీరు ఏడెనిమిదేళ్ల వయసులోనే నేర్చుకున్నారు. బావ దగ్గర ఆ విద్య అంతా పనికొస్తోంది. అందుకే అతని దగ్గర సొంతింట్లో ఉన్నట్టు ఉంటుంది.

ఇది జాతకం కాదు. అలాంటి ఇళ్లలో పెరిగిన ఎంతోమంది ప్రశాంతమైన కాపురాలు చేస్తున్నారు, ప్రశాంతమైన ఇళ్లలో పెరిగినవారు కొందరు ఇలాంటి సంబంధాల్లో చిక్కుకున్నారు కూడా. మీ నాన్నగారిని దోషిగా నిలబెట్టడం కూడా నా ఉద్దేశం కాదు; పోయిన తండ్రి మీద మీకున్న ప్రేమను తాకే హక్కు నాకు లేదు. మీకు లోపమని తోస్తున్నది నిజానికి ఒకప్పుడు మిమ్మల్ని కాపాడిన అలవాటని చెప్పడమే నా ఉద్దేశం.

టెక్కలి అబ్బాయి దగ్గర ఏమీ అనిపించకపోవడం కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఎదుటి మనిషి ముఖంలో మబ్బు కమ్ముతోందేమోనని చూసే పని అక్కడ మీకు లేకపోయింది. గుండె దడదడలాడలేదు, గొంతు ఎండలేదు, మాట తూచి మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఆ అలజడినే ఇష్టానికి గుర్తుగా ఇన్నేళ్లూ అలవాటు చేసుకున్న మనసుకు, అది లేనిచోట అంతా ఖాళీగా తోస్తుంది. అలాగని అతన్ని వెంటనే చేసుకోండని నేను అనను. నిజంగానే అతను మీకు నచ్చకపోయి ఉండవచ్చు. మంచివాళ్లందరూ మనకు నచ్చాలని లేదు, ఒక సంబంధం నుంచి తప్పించుకోవడానికి ఇంకో మనిషిని మందులా వాడుకోవడం అతనికీ అన్యాయమే. కాని గుడి దగ్గర ఒక అరగంట మాట్లాడి ఏమీ అనిపించలేదు కాబట్టి కాదనడం మాత్రం తొందరపాటని నాకు తోస్తోంది. నిర్ణయానికి కొంత వ్యవధి కావాలని, ఆలోగా ఒకటి రెండుసార్లు మాట్లాడుకుందామని పిన్నిగారి ద్వారా అడగండి. ఆ మాటకు అతను ఎలా స్పందిస్తాడో చూస్తే చాలా తెలుస్తుంది. మాట్లాడి వచ్చాక, అతని మీద ఇష్టం కలిగిందా అని కాకుండా, ఆ గంటసేపు నేను నాలా ఉన్నానా అని మిమ్మల్ని మీరు అడగండి.

ఇక బావను చేసుకోవడం గురించి. పెళ్లయితే కుదురుకుంటాడని పెద్దవాళ్లు అంటారు. నేను అలా అనలేను. ఇప్పుడు అతను చేస్తున్న వాటిలో ఏదీ పెళ్లి కానందువల్ల జరుగుతున్నది కాదు. ఫోను చూడడం, మాటలతో కించపరచడం, నెలల తరబడి పలకకపోవడం పెళ్లితో ఆగడానికి కారణమేమీ లేదు, ఒకే ఇంట్లో ఉంటే వాటికి వీలు పెరుగుతుంది కూడా. మనుషులు మారరని అనను. తాను చేస్తున్నది తప్పని తానే గుర్తించి, ఎవరూ బలవంతపెట్టకుండా సహాయం కోరి, నెలల తరబడి నడవడిలో చూపిస్తే మారినట్టు. ఏడవడం ఆ లెక్కలోకి రాదు. మీరు ఇంకా అటే మొగ్గుతుంటే, ముహూర్తానికి ముందు రెండు చిన్న విషయాల్లో కాదని చెప్పి చూడండి: ఇకపై నా ఫోను చూపించను, వచ్చే నెల నుంచి వడ్డీ నువ్వే కట్టు అని. ఒంటరిగా ఉన్నప్పుడు ఎదురుగా చెప్పకండి, ఫోనులో గాని పెద్దల సమక్షంలో గాని చెప్పండి. ఆ రోజు ఏమన్నాడన్నది అంత ముఖ్యం కాదు. మూడు నాలుగు నెలలకు ఆ రెండు మాటలూ నిలబడ్డాయా, లేక ఏదో ఒక అలకతో మీరే వెనక్కి తీసుకున్నారా అన్నది చూడండి. పెళ్లి తరవాత మీకు 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అండ ఉంటుంది, అది కొట్టడాన్నే కాక అవమానించడాన్నీ ఆర్థికంగా పీడించడాన్నీ కూడా హింసగానే పరిగణిస్తుంది. మీరు తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోని కోర్టులో కూడా దరఖాస్తు చేసుకోవచ్చు గనుక పాతపట్నంలో పిన్ని ఇంటికి వచ్చినా, పర్లాకిమిడిలో అమ్మ దగ్గర ఉన్నా ఆ దారి తెరిచే ఉంటుంది. కాని చట్టం ఉంది కదా అని ఈ పెళ్లిలోకి దిగడం నాకు భయంగా ఉంది.

తెంచుకోవాలనుకుంటే, మొదటి వారాలు ఇప్పటికంటే ఎక్కువ బాధగా ఉంటాయని ముందే తెలుసుకోండి. పావురాల మాట మళ్లీ ఎత్తాల్సి వస్తోంది: గింజలు ఆగిపోయిన కొత్తలో పావురం మునుపటికంటే జోరుగా పొడుస్తుంది. మీ మనసూ అంతే చేస్తుంది, అతనూ అంతే చేయవచ్చు. ఇరవై సార్లు ఫోను ఎత్తకుండా ఇరవై ఒకటోసారి ఎత్తితే, ఇరవై ఒక్కసార్లు చేస్తే ఎత్తుతుందని అతను నేర్చుకుంటాడు. అతని నంబరు బ్లాక్ చేయడం, మళ్లీ ఆ బ్లాక్ తీయడం మీరు చాలాసార్లు చేశానన్నారు. అలా సగం సగం తెంచుకోవడం వల్లే ముడి ఇంకా బిగిసింది. ఒక్కసారి స్పష్టంగా చెప్పి, ఆ తరవాత మంచికీ చెడుకీ జవాబివ్వకుండా ఉండడం కష్టమైనదే అయినా ఫలితమిచ్చే దారి అదే. చచ్చిపోతానని బెదిరిస్తే మీరు ఒంటరిగా పరిగెత్తకండి. వెంటనే మీ మామయ్యకు చెప్పండి, అత్యవసర నంబరు 112కు ఫోను చేయండి. ఆ ప్రాణాన్ని కాపాడవలసిన భారం మీ ఒక్కరి మీదే లేదు. బంధువులు కనుక సంక్రాంతికో శుభకార్యానికో ఎదురుపడక తప్పదు. అప్పుడు పిన్నిగారో ఇంకెవరో పక్కన ఉండేలా చూసుకోండి, పలకరింపుతో సరిపెట్టండి.

ఏమీ తేల్చకుండా ఇలాగే ఉండిపోవడం మూడో దారి. చాలామంది తెలియకుండా ఎంచుకునేది ఇదే కాబట్టి దాన్నీ ఒక నిర్ణయంగానే చూడమంటాను. టెక్కలివారు కొంతకాలం చూసి ఊరుకుంటారు, వడ్డీ పెరుగుతుంది, ఇన్నేళ్లు పెట్టాను గదా అన్న లెక్క ఇంకో ఏడాదికి ఇంకా బరువెక్కుతుంది. పెట్టిన ఏళ్లు ఏ దారిలోనూ తిరిగిరావు. రాబోయే ఏళ్ల గురించి మాత్రమే మీరు నిర్ణయించగలరు.

చేయి మెలిపెట్టిన సంగతిని మీరు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు. అది నేరం. వెంటబడి వేధించడం, బెదిరించడం కూడా 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరాలే. వెంటబడి వేధించడం వంటి నేరం మీద ఏ పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసినా, అది తమ పరిధిలోది కాదని వెనక్కి పంపకుండా నమోదు చేసుకుని సంబంధిత స్టేషనుకు పంపాలి. గుణుపురం రాయగడ జిల్లాలో, మీరు గజపతి జిల్లాలో, పిన్ని ఆంధ్రాలో ఉన్నారన్న భయం దీనికి అడ్డు కాదు. మహిళల సహాయవాణి 181. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది, 15100కు ఫోను చేస్తే న్యాయ సేవల అధికార సంస్థవారు పలుకుతారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి అతనికి ఫోను చేయాలనిపించినప్పుడు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు చేయండి. ఆ సేవ రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వీలైతే ఒక మనస్తత్వ నిపుణురాలిని కొన్ని నెలలపాటు కలవడం మంచిది. అది మీరు ఒక్కరే వెళ్లవలసిన పని. చేయి చేసుకున్న మనిషితో కలిసి కూర్చుని మాట్లాడే సంప్రదింపు ఈ దశలో వద్దు, అక్కడ మీరన్న మాటకు ఇంటికొచ్చాక శిక్ష పడే ప్రమాదముంది.

డబ్బును బంధం నుంచి విడదీయండి. తాకట్టు మీ పేరున ఉంది కనుక కట్టకపోతే బ్యాంకు అడిగేది మిమ్మల్నే, వేలం వేసేది మీ నగలనే. ఎప్పుడు ఎంత ఇచ్చారో, ఏ ఖాతా నుంచి వెళ్లిందో, ఇప్పటిదాకా ఎంత కట్టారో ఒక కాగితం మీద రాసి, బ్యాంకు పత్రాల నకళ్లతో పాటు పిన్నిగారి ఇంట్లో ఉంచండి. ఆ సొమ్ము అడగడానికి మీరు అతన్ని కలవవద్దు. మామయ్యను పెద్దల ద్వారా అడిగించండి. తిరిగి రాకపోయినా, పోయిన డబ్బు కోసం పెళ్లి చేసుకోవడం కంటే పోగొట్టుకోవడమే చవక అని నేను అనుకుంటాను, ఆ నగలు కొనడానికి మీ అమ్మగారు ఎంత కష్టపడి ఉంటారో ఊహించగలిగి కూడా ఈ మాట అంటున్నాను.

అమ్మకు ఏమని చెప్పాలన్నది మీ చివరి ప్రశ్న. ఆమెకు అతను అన్న కొడుకు. భర్త పోయాక ఆ అన్న ఇల్లే ఆమెకు పుట్టింటి ఆసరా. పైగా "మనసు వెన్న" అని ఒక మనిషిని ఇరవై ఏళ్లు భరించిన ఆవిడకు, అలాంటి మనిషి వద్దని కూతురు చెప్పడం తన జీవితం మీద తీర్పులా వినిపించవచ్చు. అందుకే బావ మంచివాడా చెడ్డవాడా అన్న చర్చలోకి దిగకండి, అందులో మీరు గెలవరు. "అమ్మా, వాడు నా చేయి మెలిపెట్టాడు. వాడి దగ్గర నాకు భయమేస్తుంది. భయంతో కాపురం చెయ్యలేను" అని, జరిగింది జరిగినట్టు, మీకు కలిగింది కలిగినట్టు చెప్పండి. ఆమె ఏడవవచ్చు, ఆ రాత్రే అన్నగారికి ఫోను చేసి అంతా చెప్పేయవచ్చు, మర్నాటికల్లా బావ మీ గుమ్మంలో ఉండవచ్చు. కనుక ముందు పాతపట్నం వెళ్లి పిన్నిగారికి అంతా చెప్పండి, కాగితాలు ఆమెకు అప్పగించండి, అమ్మతో మాట్లాడే రోజున ఆమెను మీ ఇంటికి రమ్మని, ఒకటి రెండు రాత్రులు ఉండమని అడగండి. మీ ఒడియా స్నేహితురాలికి వరస అర్థం కాకపోయినా భయం అర్థమవుతుంది. ఆమెకు కూడా చెప్పి ఉంచండి, బడి దగ్గర అతను కనిపిస్తే మీ పక్కన నిలబడడానికి ఒక మనిషి ఉంటుంది.